మామిడి తోట అమ్మి అబ్బాయిని ఐస్ హాకీకి పంపవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నేను ఆర్టీసీలో పనిచేస్తున్నాను. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఎనిమిదో ఏట నుంచి చక్రాల స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు, జిల్లా పోటీల్లో పతకాలు కూడా తెచ్చాడు. పోయిన వేసవిలో కెనడాలోని కాల్గరీలో మా చెల్లెలి ఇంట్లో రెండు నెలలు ఉండి వచ్చాడు. అక్కడ ఐస్ హాకీ చూసి, కొద్దిరోజులు ఆడి, ఇక జీవితంలో అదే వృత్తి అంటున్నాడు. ఇక్కడ మంచు ఎక్కడిదిరా అంటే, ఎడారిలో పెరిగిన అమెరికా ఆటగాడు మాథ్యూస్ ఆడలేదా, పదమూడేళ్లకు మొదలుపెట్టిన లాంగ్‌వే ఆడలేదా అని ఎదురు అడుగుతున్నాడు. ఒక కన్సల్టెన్సీ వారు 35 లక్షలు కడితే కెనడాలో హాకీ అకాడమీలో సీటు ఇప్పిస్తామని, నాలుగేళ్లలో ఎన్‌హెచ్‌ఎల్ (అక్కడి పెద్ద హాకీ లీగు) డ్రాఫ్టు, అంటే జట్ల ఎంపిక, గ్యారంటీ అని చెబుతూ ఉగాదిలోపు ఐదు లక్షలు అడ్వాన్సు కట్టమంటున్నారు. దామలచెరువు దగ్గర మాకు రెండెకరాల మామిడి తోట ఉంది. పిల్లవాడి కోసం అమ్మేద్దామని నా భార్య, తన కట్టె కాలేదాకా అమ్మేది లేదని మా నాన్న. ఈ వృత్తి నిజానికి ఎలా ఉంటుంది? మా వాడికి అందులో చోటుందా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన మాట "గ్యారంటీ". అందువల్ల మీరు అడిగిన వరుసను కొంచెం తప్పించి ముందు ఆ మాట సంగతి తేల్చి, తర్వాత వృత్తి గురించి, ఆపైన మీ అబ్బాయి గురించి రాస్తాను. నేను చిత్తూరు జిల్లా పాఠశాలల్లో చాలా ఏళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత ఎడ్మంటన్‌లో మా అమ్మాయి ఇంట మూడు చలికాలాలు గడిపి, మనవడి హాకీ సంచి మోసుకుంటూ తెల్లవారుజామున రింకుల (మంచు పరిచిన ఆట స్థలాల) చుట్టూ తిరిగినవాడిని. ఆ సంచి బరువు తెలిసిన మనిషిగా చెబుతున్నాను తప్ప నిపుణుడినన్న అహంకారంతో కాదు.

ఎన్‌హెచ్‌ఎల్ అని అందరూ పిలిచే నేషనల్ హాకీ లీగ్ 1917లో మాంట్రియల్‌లో ఏర్పడింది. ఇప్పుడు అందులో కెనడా, అమెరికా దేశాల జట్లు 32 ఉన్నాయి. ఏటా జరిగే డ్రాఫ్టులో ఏడు విడతలుగా కొత్త కుర్రాళ్లను ఎంచుకుంటారు కాబట్టి ఏడాదికి మొత్తం 224 పేర్లు మాత్రమే బయటికి వస్తాయి. ఆ పేర్ల కోసం పోటీపడేది ఒక్క కెనడా పిల్లలే కాదు. అమెరికా, స్వీడన్, ఫిన్లండ్, రష్యా, చెక్, స్లొవాకియా, స్విట్జర్లండ్ దేశాల్లో పద్దెనిమిదేళ్లు నిండుతున్న ప్రతి గట్టి ఆటగాడూ ఆ వరుసలోనే నిలబడి ఉంటాడు. కెనడాలోనే నమోదు చేసుకుని ఆడేవారు ఐదు లక్షలకు పైగా ఉన్నారు. ఎవరిని తీసుకోవాలో నిర్ణయించేది ఏళ్ల తరబడి ఆ పిల్లల మ్యాచ్‌లు చూస్తూ తిరిగే జట్ల స్కౌట్లు. ఆ పట్టికలో పేరు రాయించగల అకాడమీ గానీ ఏజెంటు గానీ ఎక్కడా లేరు. పైగా డ్రాఫ్టులో పేరు రావడం నియామక పత్రం కాదు, ఆ కుర్రాడితో ఒప్పందం మాట్లాడుకునే హక్కు ఆ ఒక్క జట్టుకు దక్కడం మాత్రమే. అలా ఎంపికైన వారిలోనూ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆగిపోయేవారు చాలామంది. దర్శనం టికెట్లు ఇప్పిస్తామని బస్టాండులో యాత్రికులను పట్టుకునే దళారులను ఆర్టీసీలో పనిచేసే మీరు రోజూ చూస్తూనే ఉంటారు. వాళ్లు మోసం చేసినా, కొండ మీద దర్శనమూ నిజమే, టికెట్టు అనేదీ నిజమే. మీకు ఈ గ్యారంటీ ఇస్తున్నవారు అమ్ముతున్న టికెట్టు లోకంలో ఎవరూ అచ్చువేయనిది. ఆ ఐదు లక్షలు కట్టకండి. ఈ ఒక్క విషయంలో నాకు ఎలాంటి మీనమేషాలూ లేవు.

ఇక వృత్తి సంగతి. మన పిల్లలు ఏ ఆటనైనా శిఖరం మీద ఉన్నవాడిని చూసి ప్రేమిస్తారు, అది సహజం. కానీ తోట అమ్మాలా వద్దా అని తూచుకునే తండ్రి చూడవలసింది ఆ వరుసలో మధ్యలో నిలబడ్డవాడిని. ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడి జీవితం చూడండి. అతడు అమెరికాలో హాకీకి పుట్టినిల్లు లాంటి మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టి, డులూత్‌లోని విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, డ్రాఫ్టులో ఎవరూ తీసుకోకపోయినా పట్టుదలతో పిట్స్‌బర్గ్ జట్టులో చోటు సంపాదించాడు. అంత చేసి ఎన్‌హెచ్‌ఎల్‌లో అతడు ఆడినవి 13 మ్యాచ్‌లు. ఆ తర్వాత కింది లీగు, స్వీడన్, జర్మనీ, చివరికి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ జట్టు. 2023 అక్టోబరు 28న షెఫీల్డులో మ్యాచ్ జరుగుతుండగా ఎదుటి ఆటగాడి స్కేటు బ్లేడు మెడకు తగిలి 29 ఏళ్లకే కన్నుమూశాడు. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మరణం గురించి రాయలేదు, అలాంటి ప్రమాదం చాలా అరుదు. నేను చూపించదలచుకున్నది అంతకుముందున్న ప్రయాణాన్ని: మంచు మధ్యే పుట్టి, అద్భుతంగా ఆడి, ఆఖరు మెట్టు దాకా ఎక్కినవాడికి కూడా ఈ వృత్తి ఏడాదికో ఊరు, రెండేళ్లకో దేశం, పెట్టె ఎప్పుడూ సర్ది ఉంచుకున్న బతుకుగానే సాగింది. ఐస్ హాకీతో పొట్ట పోసుకునేవారిలో అధిక సంఖ్యాకుల కథ ఇదే.

ఆ మెట్లు ఎలా ఉంటాయో చెబుతాను. కెనడాలో పదిహేను, పదహారేళ్లకే జూనియర్ జట్లు పిల్లలను ఎంచుకుంటాయి. పదహారు నుంచి ఇరవై ఏళ్ల దాకా వారు తల్లిదండ్రులను విడిచి, పరాయి ఊళ్లో ఆ జట్టు చూపించిన కుటుంబం ఇంట్లో ఉంటూ, బడికి వెళ్తూ, రాత్రంతా బస్సుల్లో ప్రయాణిస్తూ ఆడతారు. కొందరు అమెరికా కళాశాలల దారి పడతారు. ఇదివరకు జూనియర్ లీగులో ఆడినవారికి ఆ కళాశాలల తలుపులు మూసి ఉండేవి, 2025 ఆగస్టు నుంచి తెరిచారు. ఆ రెండు దారుల్లోంచి బయటపడ్డవారిలో మెరికలు ఎన్‌హెచ్‌ఎల్‌కు, తర్వాతి వారు దాని కింది ఏహెచ్‌ఎల్‌కు, ఇంకా కిందివారు ఈసీహెచ్‌ఎల్‌కు, లేదా యూరప్ లీగులకు వెళ్తారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక జట్టు పట్టికలో ఉండగలిగేది 23 మంది, కాబట్టి మొత్తం ప్రపంచానికి ఉన్న కుర్చీలు ఏడు వందల ముప్ఫై ఆరు. ఎవరో ఒకరు లేస్తేనే ఇంకొకరు కూర్చోవాలి.

ఈ ఆటలో కోట్ల జీతాలంటూ వినిపించే మాట అబద్ధం కాదు, కానీ అది సగం నిజమే. 2025–26 సీజన్లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస వార్షిక వేతనం 7,75,000 డాలర్లు, అంటే మన లెక్కలో ఆరున్నర కోట్లకు పైమాటే. అందులో ఏజెంటు వాటా పోవాలి, ఒంటారియో వంటి చోట్ల పై శ్లాబు పన్ను సగానికి మించుతుంది, ఆటగాళ్ల ఉమ్మడి ఖాతాకు కొంత పట్టుకుంటారు. అయినా మిగిలేది పెద్ద మొత్తమే, కాదనను. అయితే చాలామంది కుర్రాళ్లకు మొదట దొరికేది రెండు రేట్ల ఒప్పందం: పై లీగులో ఆడిన రోజులకు ఒక జీతం, కింది లీగుకు పంపిన రోజులకు ఇంకొక జీతం. ఏహెచ్‌ఎల్ కనీస వేతనం పైదానిలో పదో వంతు కూడా ఉండదు. ఈసీహెచ్‌ఎల్‌లో వారానికి కొన్ని వందల డాలర్లూ, జట్టు చూపించే గదీ. ఆ జీతం కూడా సీజన్ నడిచినన్నాళ్లే. వేసవిలో ఇల్లు కట్టేచోట పనికి వెళ్లే ఆటగాళ్లు ఉన్నారు. సాయంత్రం ఫోను మోగితే మరునాడు పొద్దున వేరే ఊరి జట్టులో ఉండవలసి రావడం, పిల్లల బడి మధ్యలో మారడం, ఇవన్నీ ఆ ఉద్యోగపు మామూళ్లు. డిపో బదిలీ వస్తే మీరు కనీసం అర్జీ పెట్టుకోవచ్చు, వారికి అది కూడా ఉండదు.

శరీరం ఇచ్చే మూల్యం వేరు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఎనభైకి పైగా మ్యాచ్‌లు, బాగా ఆడితే ఆపైన జూను దాకా ప్లేఆఫ్‌లు. ఆటగాడు ఒక విడతకు మంచు మీద ఉండేది దాదాపు 45 సెకన్లే. ఆ 45 సెకన్లూ ఉన్న ఊపిరంతా ధారపోసి బెంచీకి వచ్చి కూలబడి, రెండు నిమిషాల్లో మళ్లీ దిగుతాడు. ఇది మన కబడ్డీ కూతలాంటిదని మా మనవడి కోచ్‌కు చెబితే ఆయన చాలా సంతోషపడ్డాడు. ఆడే పక్ గట్టి రబ్బరుతో చేసిన మూడంగుళాల బిళ్ల. ఎగరకుండా జారాలని మ్యాచ్‌కు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. ఢీకొట్టడం ఈ ఆటలో తప్పు కాదు, నేర్పించే విద్య. దెబ్బలకు తల అదరడం, భుజం జారడం, పళ్లు ఊడడం మామూలే. పంజాబీ తండ్రికి పుట్టిన మానీ మల్హోత్రా 1998లో డ్రాఫ్టులో ఏడో పేరుగా ఎంపికై, ఎన్‌హెచ్‌ఎల్‌లో 991 మ్యాచ్‌లు ఆడాడు. 2011 మార్చిలో పక్ తగిలి అతడి ఎడమ కన్ను శాశ్వతంగా దెబ్బతింది. మూడు నెలలకే ఫైనల్ ఆడడానికి మళ్లీ దిగాడు గానీ చూపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

మల్హోత్రా పేరు చెప్పాను కాబట్టి మీ అబ్బాయి ఆశగా "చూశావా నాన్నా, మనవాళ్లు ఉన్నారు" అంటాడు. ఉన్నారు, వారి గురించి తెలుసుకోవడం మంచిదే. 1989లో వాషింగ్టన్ జట్టుకు ఆడిన రాబిన్ బావా ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టిన తొలి భారత సంతతి ఆటగాడు. జుజార్ ఖైరాను 2012లో ఎడ్మంటన్ జట్టు ఎంచుకుంది. అర్ష్‌దీప్ బెయిన్స్‌ను డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. 2021–22లో పశ్చిమ కెనడా జూనియర్ లీగులో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించిన ఆ సీజన్లోనే వాంకూవర్ జట్టు ఒప్పందం రాసింది. 2025లో ఏహెచ్‌ఎల్ విజేతగా నిలిచిన అబాట్స్‌ఫర్డ్ జట్టులో అతడు ఆటగాడు, మల్హోత్రా ప్రధాన శిక్షకుడు. అయితే వీరందరూ కెనడాలోనే పుట్టి పెరిగి, బడికి వెళ్లే వయసు నుంచే మంచు మీద తిరిగినవారు. వారి పేర్లు మనవి, వారి కాళ్లు ఆ నేలవి.

ఇప్పుడు మీ అబ్బాయి వాదనకు వస్తాను, ఎందుకంటే అతడు తెలివిగా వాదించాడు, దానికి తెలివైన జవాబు దొరకాలి. ఆస్టన్ మాథ్యూస్ అరిజోనా ఎడారిలో పెరిగిన మాట నిజమే. కానీ అతడు పుట్టడానికి ఏడాది ముందు, 1996లో, విన్నిపెగ్ నుంచి ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఫీనిక్స్‌కు తరలివచ్చింది. దానితోపాటు ఆ ఎడారిలో పిల్లలకు శీతల రింకులూ, కోచ్‌లూ, పోటీపడే జట్లూ వచ్చాయి. మన తిరుపతిలో మే నెల ఎండ అరిజోనాకు చుట్టమే గానీ, ఆ రింకు మాత్రం లేదు. రాడ్ లాంగ్‌వే పదమూడేళ్లకు హాకీ మొదలుపెట్టిన మాట కూడా నిజం. ఉత్తమ రక్షణ ఆటగాడికిచ్చే నోరిస్ బహుమతిని 1983లో, 1984లో రెండుసార్లు అందుకున్నాడు. అతడు పెరిగింది బాస్టన్ పక్కన, రింకులకు కొదవలేని ప్రాంతంలో, అదీ అర్ధశతాబ్ది కింద. అప్పటికీ ఇప్పటికీ ఆట మారిపోయింది. ఇప్పుడు ఐదేళ్ల పిల్లలకు స్కేటింగ్ కోచ్‌లు వేరు, షాటు కోచ్‌లు వేరు. మినహాయింపులు ఉన్నాయని నేనూ ఒప్పుకుంటాను, కానీ రెండెకరాల తోటను మినహాయింపు మీద పందెం కాయమని ఒక తండ్రికి చెప్పలేను.

చక్రాల స్కేటింగ్ ఆరేళ్లు చేశాడు కదా, అది పనికిరాదా అని మీరు అడగవచ్చు. పనికొస్తుంది. ఒంటి తూకం, మోకాలి వంపు, ముందుకు తోసుకునే అడుగు, వేగమంటే భయం లేకపోవడం, ఇవన్నీ చక్రాల మీద నుంచి మంచు మీదికి వస్తాయి, ముఖ్యంగా అతడు వాడేది నాలుగు చక్రాలు ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ స్కేటు అయితే. రానిది ఆగడం, తిరగడం. హాకీ బ్లేడు అడుగున నడిమధ్యన సన్నటి గాడి ఉండి దానికి లోపలి అంచు, బయటి అంచు అని రెండు ఉంటాయి. ఆ అంచులతో మంచును గీరి ఒక్కసారిగా ఆగి, అదే ఊపులో వెనక్కి తిరిగి బయలుదేరడమే ఈ ఆటకు అక్షరాభ్యాసం. చక్రానికి అంచు ఉండదు. మా మనవడు నాలుగో ఏట కుర్చీ తోసుకుంటూ మంచు మీద నడక నేర్చి, వెనక్కి స్కేటింగ్ చేస్తూ తల ఎత్తి పక్ అందుకోవడానికి ఐదేళ్లు తీసుకున్నాడు, వాడు మా వీధి జట్టులో సాధారణ ఆటగాడే. మీ అబ్బాయి కాల్గరీలో ఇప్పుడు చేరితే అతడి వయసు వర్గంలో పై స్థాయి జట్లు ఒళ్లు ఢీకొట్టడం అనుమతించేవి. అంచులు పట్టుబడని పిల్లవాడిని అక్కడ నిలబెట్టడం ఈత రాని పిల్లవాడిని కోనేట్లో దించడమే.

మధ్యలో ఒక చిన్నమాట. మన దగ్గర బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఆర్నెల్లో ఏడాదో అటూ ఇటూ రాయించే అలవాటు ఉంది. ఐస్ హాకీలో వయసు వర్గాలు క్యాలెండరు సంవత్సరం ప్రకారం కడతారు, అంతర్జాతీయ బదిలీకి అసలు పత్రాలు అడుగుతారు. మీ అబ్బాయి పాస్‌పోర్టు, ఆధార్, బడి రికార్డు ఒకే తేదీ చెబుతున్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఏ ఆట ఆడినా అది అవసరం.

అయితే ఐస్ హాకీ అతడికి లేనట్టేనా? ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడి వృత్తి అతడికి దాదాపుగా అందనిదని నేను నిజాయితీగా అనుకుంటున్నాను. ఆట మాత్రం అందుతుంది, మన దేశపు జెర్సీ కూడా అసాధ్యం కాదు. భారత ఐస్ హాకీ సంఘం 1989లోనే అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యత్వం తీసుకుంది. ఆట ప్రాణమంతా లద్దాఖ్‌లో ఉంది: లేహ్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గడ్డకట్టే చెరువుల మీదా, రింకుల మీదా సైన్యం జట్లూ, ఐటీబీపీ జట్లూ, ఊరి పిల్లలూ ఆడతారు, ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ హాకీ పోటీలు అక్కడే జరుగుతాయి. మన మహిళల జట్టు 2016లో తొలిసారి అంతర్జాతీయ పోటీకి వెళ్లి అన్నీ ఓడి, మరుసటి ఏడాది మొదటి గెలుపు చూసి, 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఆ అమ్మాయిల్లో ఎక్కువమంది ఏడాదికి రెండు నెలలే మంచు దొరికే పల్లెలవారు. డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింకును 2025లో బాగుచేసి మళ్లీ తెరవడంతో వేసవిలో కూడా మంచు ఉన్న పెద్ద రింకు ఒకటి దేశంలో ఏర్పడింది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది జీతం వచ్చే వృత్తి కాదు. అక్కడ ఆడేవారు సైన్యంలోనో పోలీసు బలగాల్లోనో ఉద్యోగం చేస్తూనో, చదువుకుంటూనో ఆడుతున్నారు.

మన ప్రాంతం నుంచి జాతీయ జట్టుకు వెళ్లడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే మీరు కెనడా వైపు చూడనక్కరలేదు. భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపరుగా ఆడిన రజని మన యర్రావారిపాళెం మండలపు పల్లె నుంచి వెళ్లిన అమ్మాయే. అది గడ్డి మీద, టర్ఫు మీద ఆడే హాకీ, ఈ ఆట వేరు. అయినా మైదానం కూడా సరిగా లేని ఊరి నుంచి, తోట అమ్మకుండా, పాఠశాల పోటీలు, జిల్లా, రాష్ట్రం, జాతీయ శిబిరం అనే మెట్ల మీదుగా వెళ్లిన దారి మీ కళ్లెదుటే ఉంది. చక్రాల స్కేటింగ్‌నే తీసుకుంటే, తెలుగువాడైన అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు, 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు. అది మంచుకు ఎక్కే నిచ్చెన మాత్రమే కాదు, దానికదే ఒక ఆట. రోలర్ స్కేటింగ్ సమాఖ్య ఇన్‌లైన్ హాకీలో జాతీయ పోటీలు నిర్వహిస్తుంది. పక్, కర్ర, పాస్, జట్టుగా ఆడడం, ఇవన్నీ మీ అబ్బాయి తిరుపతిలో ఉండగానే, సిమెంటు నేల మీద, బడి మానకుండా నేర్చుకోగలిగిన మార్గం అదొక్కటే. అతడి స్కేటింగ్ కోచ్‌ను ఈ వారమే అడగండి.

ఇప్పుడు చేయవలసిన పనుల గురించి. వచ్చే డిసెంబరుకు అతడు పదో తరగతిలో ఉంటాడు, లేహ్‌లో మంచు నిలిచే కాలమూ పరీక్షలకు బండెడు పుస్తకాలు చదివే కాలమూ ఒకటే అవుతాయి, కాబట్టి లేహ్ మాట ఇంటర్ మొదటి ఏడాదికి పెట్టుకోండి. ఈ వేసవిలో మీకు వీలైతే, తోట అమ్మకుండా టికెట్టు ఖర్చు భరించగలిగితే, మళ్లీ మేనత్త ఇంటికే పంపండి. కానీ ఈసారి చూడడానికి కాదు. అక్కడ వేసవిలో నడిచే స్కేటింగ్ శిబిరాల్లో ఒకదానిలో నాలుగు వారాలు చేర్పించి, చివర్లో ఆ కోచ్ చేత ఒక కాగితం రాయించుకోమనండి: ఈ పిల్లవాడు తన ఈడు కెనడా పిల్లల్లో ఏ స్థాయి జట్టులో నిలబడగలడు, రెండు అంచుల మీద ఎంత పట్టు ఉంది, వెనక్కి ఎలా తిరుగుతున్నాడు, ఇంకో ఏడాదికి ఎక్కడ ఉండవచ్చు. పొగడ్త వద్దని మీ చెల్లెలిని ముందే గట్టిగా చెప్పమనండి. అక్కడి కోచ్‌లు మర్యాదస్తులు, ఇండియా నుంచి వచ్చిన పిల్లవాడిని నొప్పించడానికి వెనకాడతారు. సామాను కొత్తది కొనకండి. ఎదిగే పిల్లవాడికి స్కేట్లు ఏడాదికి సరిపోవు, కాల్గరీలో పాత హాకీ సామాను అమ్మే అంగళ్లు కొల్లలు. మెడ పట్టీ మాత్రం కొత్తదే కొనండి. జాన్సన్ చనిపోయిన తర్వాత ఇంగ్లండులో దాన్ని తప్పనిసరి చేశారు.

అక్కడే బడిలో చేర్చాలన్న ఆలోచన మీ ఇంట్లో ఎవరికైనా మిగిలి ఉంటే, దానిని హాకీతో ముడిపెట్టకుండా చదువు లెక్కగానే చూడండి. పదిహేడేళ్ల లోపు పిల్లవాడు అమ్మానాన్నలు లేకుండా చదవడానికి వెళ్తే, కెనడా పౌరులో శాశ్వత నివాసులో అయిన పెద్దవారు ఒకరు సంరక్షకులుగా నోటరీ పత్రం రాయాలి. మీ చెల్లెలు ఆ అర్హతలో ఉన్నారేమో కనుక్కోండి. విదేశీ విద్యార్థికి సర్కారు బడిలో కూడా ఏడాదికి పదివేల డాలర్లకు పైగా రుసుము ఉంటుంది, పెద్ద స్థాయి హాకీ ఖర్చు దానిమీద ఇంకొన్ని వేల డాలర్లు. మేనత్త ప్రేమగా రమ్మనడం వేరు, పొద్దున ఐదింటికి మైనస్ ఇరవై డిగ్రీల చలిలో కారు తీసి నాలుగేళ్లపాటు రింకుకు తిప్పడం వేరు. ఆ మాట ఆమెను, ఆమె భర్తను విడివిడిగా అడగడం మంచిది.

మీ అబ్బాయితో మాట్లాడేటప్పుడు "నీవల్ల కాదు" అనకండి. నేను ఉద్యోగంలో ఉండగా ఒక కుర్రాడితో, పరుగులో నాకంటే ఎక్కువ తెలిసినవాడితో, ఆ మాట అని, వాడు ఆ ఏడాదే ఆట మానేశాక ఎంత కుమిలినా లాభం లేకపోయింది. ఈ ఉత్తరాన్ని అతడికే ఇచ్చి చదవమనండి, మాథ్యూస్ రింకు సంగతి అతడే చదివి తేల్చుకోవాలి. ఆ ఆట చుట్టూ బతుకుతున్న మనుషులు ఆటగాళ్లు మాత్రమే కాదని కూడా అతడికి చెప్పండి: రిఫరీలు, గాయాలు చూసే ఫిజియోలు, బ్లేడ్లు సానపట్టి సామాను చూసుకునేవారు, వీడియో చూసి ఆట లెక్కలు కట్టేవారు. కెనడాలో 2008లో పంజాబీలో హాకీ వ్యాఖ్యానం మొదలైంది. హర్‌నారాయణ్ సింగ్ అనే వ్యాఖ్యాత దానితోనే దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. నాకు తెలిసినంతవరకు తెలుగులో ఆ పని ఎవరూ మొదలుపెట్టలేదు. ఇది ఊరడింపుగా రాయడం లేదు; మీవాడు వాదించే తీరు చూస్తే, గొంతు కూడా బాగుంటే, నవ్వేసి వదిలేయదగిన ఆలోచన కాదనిపిస్తోంది.

కన్సల్టెన్సీ వారికి ఫోనులో చెప్పకండి. డ్రాఫ్టు గ్యారంటీ అన్నమాట వారి కాగితం మీద, సంతకంతో, అకాడమీ పేరుతో, డబ్బు వాపసు షరతులతో రాసి ఇవ్వమని ఒక లేఖ పంపండి. జవాబు వస్తుందని నేను అనుకోను. తోట ఇప్పుడు పూత మీద ఉండి ఉంటుంది. కాయ దిగి, ఫ్యాక్టరీ వారి లెక్క చేతికి అందేసరికి అబ్బాయి కాల్గరీ నుంచి కోచ్ కాగితంతో తిరిగి వస్తాడు. ఆ కాగితం నాకు పంపండి, చదివి మళ్లీ రాస్తాను. అంతవరకు అమ్మకం మాట మీ నాన్నగారి ముందు ఎత్తకండి.